తాళం వేసిన తలుపు, తెరిచిన చట్టం

1911 మార్చి 25, శనివారం. న్యూయార్క్‌లోని వాషింగ్టన్ స్క్వేర్ దగ్గర పదంతస్తుల యాష్ బిల్డింగ్. పై మూడు అంతస్తుల్లో ట్రయాంగిల్ కంపెనీ ఆడవాళ్ల చొక్కాలు కుట్టిస్తుండేది. అక్కడ పనిచేసేవాళ్లలో ఎక్కువమంది రష్యా సామ్రాజ్యం నుంచి వచ్చిన యూదు ఆడపిల్లలు, ఇటలీ నుంచి వలసవచ్చినవాళ్లు. చాలామందికి ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. వారమంతా మిషన్ తొక్కితే చేతికొచ్చేది 7 నుంచి 12 డాలర్లు.

సాయంత్రం 4.40 ప్రాంతంలో, కాసేపట్లో పని వదులుతారనగా, ఎనిమిదో అంతస్తులో కత్తిరింపు బల్ల కింద పోగుపడిన గుడ్డపీలికలకు నిప్పంటుకుంది. పైన వేలాడదీసిన పల్చటి నూలు గుడ్డలకు పాకి, క్షణాల్లో గదంతా కమ్మేసింది. ఎనిమిదో అంతస్తువాళ్లు పదో అంతస్తులోని ఆఫీసుకు ఫోన్ చేశారు. అక్కడున్న యజమానులూ, సిబ్బందీ చాలావరకు డాబా మీదికెక్కి, పక్కనున్న యూనివర్సిటీ భవనంలోని విద్యార్థులు అందించిన నిచ్చెనల మీదుగా ప్రాణాలు దక్కించుకున్నారు. మధ్యలో ఉన్న తొమ్మిదో అంతస్తుకు మాత్రం ఎవరూ కబురు చెప్పలేదు. మంటలే వచ్చి చెప్పాయి.

తొమ్మిదో అంతస్తులో ఉన్నవి రెండు మెట్లదారులు. గ్రీన్ స్ట్రీట్ వైపు దారిని మంటలు మూసేశాయి. రెండో వైపు తలుపుకు తాళం. పని వదిలాక అందరూ ఒకే దారిన బయటికి రావాలి, గుడ్డముక్కలేమైనా పట్టుకుపోతున్నారేమోనని వాళ్ల సంచులు సోదా చెయ్యాలి. ఆ తాళం అందుకు వేసింది. భవనం వెనక ఉన్న బక్క ఇనపమెట్లు జనం బరువుకు ఊడి కూలిపోయాయి. లిఫ్టు నడిపే జోసెఫ్ జీటో, గాస్పర్ మోర్టిలారో పొగలోకి మళ్లీ మళ్లీ లిఫ్టును తీసుకెళ్లి సుమారు 150 మందిని దించారు. ఇక నడపలేని పరిస్థితి వచ్చాక, మిగిలినవాళ్లు లిఫ్టు గోతిలోకి దూకారు.

ఫైరింజన్లు సకాలంలోనే వచ్చాయి. కానీ వాటి నిచ్చెనలు ఆరో అంతస్తు దాకానే అందాయి. పైనుంచి దూకినవాళ్ల వేగానికి కింద పట్టిన వలలు చినిగిపోయాయి. మొత్తం 146 మంది చనిపోయారు. వాళ్లలో 123 మంది ఆడవాళ్లు. అందరికన్నా చిన్నవాళ్లకు 14 ఏళ్లు.

అంతకు ముందే అడిగారు

ఈ తలుపు సంగతి అప్పటికి కొత్త కాదు. 1909 నవంబర్‌లో న్యూయార్క్‌లోని కూపర్ యూనియన్ హాలులో చొక్కాల కార్మికులు సభ పెట్టుకున్నారు. నాయకులు గంటల తరబడి మాట్లాడుతుంటే, 23 ఏళ్ల క్లారా లెమ్లిచ్ వేదిక ఎక్కింది. అప్పటికే సమ్మె చేస్తూ గూండాల చేతుల్లో పక్కటెముకలు విరగ్గొట్టించుకున్న పిల్ల. ఈ మాటలు ఇక చాలు, అందరం సమ్మెకు దిగుదామని తన భాష యిడ్డిష్‌లో ప్రతిపాదించింది. హాలు హోరెత్తింది. ఆ చలికాలమంతా సుమారు 20 వేలమంది పని మానేసి వీధుల్లో నిలబడ్డారు. పోలీసులు కొట్టారు, జడ్జీలు జరిమానాలు వేశారు. పలుకుబడిగల ఇళ్ల స్త్రీలు కొందరు వాళ్ల పక్కన నిలిచి జామీన్లు కట్టారు.

1910 ఫిబ్రవరికి చాలా కంపెనీలు యూనియన్‌తో ఒప్పందానికొచ్చాయి. ట్రయాంగిల్ యజమానులు మాక్స్ బ్లాంక్, ఐజక్ హారిస్ కొంత జీతం పెంచారు గానీ, యూనియన్‌ను ఒప్పుకోలేదు. తలుపులకు తాళాలు తీయాలని, మంటలు వస్తే తప్పించుకునే దారులు బాగుచేయాలని కార్మికులు అడిగింది అడిగినట్టే ఉండిపోయింది. ఏడాది తిరిగేసరికి ఆ తలుపు వెనకే వాళ్ల శవాలు దొరికాయి.

1911 డిసెంబర్‌లో కోర్టు ఇద్దరు యజమానులనూ నిర్దోషులుగా విడిచిపెట్టింది. ఆ క్షణంలో తలుపు తాళం వేసి ఉందని వాళ్లకు తెలుసన్న సంగతి రుజువు కాలేదని జ్యూరీ భావించింది. 1914లో సివిల్ దావా పరిష్కారంలో బాధితులకు దక్కింది ప్రాణానికి 75 డాలర్లు. ఇన్సూరెన్సు కంపెనీ యజమానులకిచ్చిన సొమ్ము అంతకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ.

కన్నీళ్ల నుంచి కమిషన్‌కు

మంటలు రేగిన ఆ శనివారం దగ్గర్లోనే స్నేహితుల ఇంట్లో టీ తాగుతున్న ఫ్రాన్సెస్ పెర్కిన్స్ కేకలు విని పరుగెత్తుకొచ్చింది. అప్పటికే ఆమె కార్మికుల పని పరిస్థితులపై పోరాడుతున్న వినియోగదారుల సంఘంలో పనిచేస్తోంది. కిటికీల అంచున నిలబడి, ఒకరి తర్వాత ఒకరు దూకుతున్న పిల్లల్ని కళ్లారా చూసింది. జీవితాంతం మరచిపోలేకపోయింది.

ఏప్రిల్ 2న మెట్రొపాలిటన్ ఒపెరా హౌస్‌లో సంతాపసభ జరిగింది. కార్మిక నాయకురాలు రోజ్ ష్నైడర్‌మన్ సానుభూతి మాటలతో సర్దుకోవడానికి ఒప్పుకోలేదు. కార్మికుల ప్రాణాలకు విలువ లేని ఈ వ్యవస్థను కార్మికుల బలమే మార్చాలని పెద్దింటివాళ్ల ముందే చెప్పింది. మూడు రోజుల తర్వాత జోరువానలో లక్షమందికి పైగా మౌనంగా ఊరేగారు.

ఆ ఒత్తిడికి 1911 జూన్‌లో న్యూయార్క్ రాష్ట్రం ఫ్యాక్టరీల విచారణ కమిషన్ వేసింది. చైర్మన్ రాబర్ట్ వాగ్నర్, వైస్ చైర్మన్ ఆల్ స్మిత్. ఇద్దరూ టామనీ హాల్ అనే పార్టీ యంత్రాంగం మనుషులు. సంస్కర్తలు వాళ్లను మొదట అనుమానంగానే చూశారు. కానీ స్మిత్ చనిపోయినవాళ్ల ఇళ్లకు వెళ్లి ఓదార్చినవాడు. పెర్కిన్స్ వాళ్లిద్దరినీ చేయి పట్టుకుని ఫ్యాక్టరీలు చూపించింది. గోడకున్న చిన్న కంతలోంచి వాగ్నర్‌ను పాకించింది. అవతల ఉన్నది మంచు పేరుకున్న నిచ్చెన, అదీ నేల దాకా అందదు. అగ్నిప్రమాద మార్గమని యాజమాన్యం చూపించేది దాన్నే. డబ్బాల్లో కూరగాయలు నింపే షెడ్లలో ఐదారేళ్ల పిల్లలు చిక్కుళ్లు తుంచుతుంటే కమిషన్ సభ్యులు తెల్లవారుజామున వెళ్లి చూశారు.

తొలి ఏడాదిలోనే కమిషన్ 1,836 పని స్థలాలను తనిఖీ చేసి, 222 మంది సాక్షులను విచారించింది. మూడేళ్లలో 30కి పైగా చట్టాలు వచ్చాయి. తలుపులు బయటికి తెరుచుకోవాలి, పనివేళల్లో తాళం వేయకూడదు, ఎత్తైన ఫ్యాక్టరీల్లో నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్లు ఉండాలి, మంటలొస్తే ఎలా బయటపడాలో ముందే సాధన చేయించాలి, ఆడవాళ్లకు వారానికి 54 గంటలకు మించి పని ఉండకూడదు. ఈనాడు మామూలుగా కనిపించే ఈ నియమాలను అప్పట్లో చాలామంది యజమానులు వ్యతిరేకించారు. వ్యాపారాలు మూతపడతాయని బెదిరించారు. చట్టాలు వచ్చాయి, వ్యాపారాలూ నడిచాయి.

వాషింగ్టన్ దాకా

1933లో అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ పెర్కిన్స్‌ను కార్మిక మంత్రి పదవికి పిలిచాడు. అమెరికా మంత్రివర్గంలో అంతకు ముందు ఒక్క మహిళ కూడా లేదు. ఆమె వెంటనే సరే అనలేదు. తాను చేయదలచిన పనుల జాబితా ముందు పెట్టి, వీటికి ఒప్పుకుంటేనే వస్తానంది. కనీస వేతనం, పనిగంటల పరిమితి, నిరుద్యోగ బీమా, వృద్ధాప్య పింఛను, బాలకార్మిక వ్యవస్థ రద్దు అందులో ఉన్నాయి. రూజ్‌వెల్ట్ ఒప్పుకున్నాడు. పన్నెండేళ్లు ఆమె ఆ పదవిలో ఉంది.

1935లో పింఛను, నిరుద్యోగ బీమాల కోసం సోషల్ సెక్యూరిటీ చట్టం వచ్చింది. అదే ఏడాది యూనియన్ పెట్టుకునే హక్కుకు రక్షణనిచ్చే చట్టం వాగ్నర్ పేరుతో వచ్చింది. మంచు నిచ్చెన చూసిన వాగ్నరే అప్పటికి సెనేటర్. 1938లో గంటకు 25 సెంట్ల కనీస వేతనం, పిల్లల పని మీద ఆంక్షలు దేశమంతా అమల్లోకొచ్చాయి. న్యూ డీల్ అనే ఈ రూజ్‌వెల్ట్ సంస్కరణలు పుట్టింది ట్రయాంగిల్ మంటల రోజునేనని పెర్కిన్స్ అనేది.

ఆ గెలుపులో లోటూ ఉంది. పొలంలో పనిచేసేవాళ్లనూ, ఇళ్లలో పాచిపని చేసేవాళ్లనూ ఆ చట్టాలు బయటే ఉంచాయి. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి కార్మికుల్లో ఎక్కువమంది చేసేది ఆ పనులే. వాళ్ల పోరాటం మరికొన్ని దశాబ్దాలు సాగాల్సి వచ్చింది.

యాష్ బిల్డింగ్ ఇప్పటికీ ఉంది. న్యూయార్క్ యూనివర్సిటీ తరగతులు అందులో జరుగుతున్నాయి. 2023లో దాని గోడకు చనిపోయినవాళ్ల పేర్లతో స్మారకం అమర్చారు.

ప్రమాదం ఒక్కటే చట్టం తేలేదు. అంతకు ముందే సమ్మె చేసిన ఆడపిల్లలు ఉన్నారు, జనం కన్నీళ్లు ఆరకముందే వాటిని కమిషన్‌గా మార్చినవాళ్లు ఉన్నారు, ఏళ్ల తరబడి ఫ్యాక్టరీలు తిరిగి ఒక్కో నియమం రాయించినవాళ్లు ఉన్నారు. వాళ్లలో ఏ ఒక్కరు లేకపోయినా ఆ మరణాలు నాలుగు రోజుల వార్తగా మిగిలిపోయేవి. 1909లో అడిగినప్పుడే తలుపు తీసి ఉంటే ఎంతోమంది బతికేవాళ్లు. ఏ దేశంలోనైనా పనిచేసేవాళ్లు తమ ప్రాణభద్రత గురించి నోరు విప్పినప్పుడు, వినాల్సింది ఆ రోజే.