మావోరీ బోధన, సాంస్కృతిక భద్రత

న్యూజీలాండ్ ఆదివాసులైన మావోరీల భాషలో ‘ఆకో’ అంటే నేర్చుకోవడం, నేర్పడం కూడా. చదువు చెప్పే మనిషీ నేర్చుకుంటూనే ఉంటాడన్న నమ్మకం ఆ ఒక్క మాటలో ఉంది. అక్కడి బోధనకు మరో ఆధారం ‘తువాకన–తేయిన’, అంటే పెద్ద, చిన్న తోబుట్టువుల బంధం. అన్నకూ తమ్ముడికీ, అక్కకూ చెల్లికీ వేరు వేరు మాటలున్న తెలుగువాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. తెలిసినవాళ్లు తెలియనివాళ్లకు తోబుట్టువుల్లా నేర్పుతారు. ఇంకో పాఠం దగ్గర చిన్నవాళ్లే పెద్దవాళ్లకు నేర్పవచ్చు.

వలస పాలన ఈ పద్ధతిని చదువులోంచి నెట్టేసింది. 1867 చట్టంతో వచ్చిన నేటివ్ స్కూళ్లు ఇంగ్లీషుకు పట్టం కట్టాయి. ‘తొహుంగ’లనే సంప్రదాయ విద్వాంసుల మీద 1907లో తెచ్చిన నిషేధ చట్టం 1962 దాకా రద్దు కాలేదు.

తమ యువతరం నోట మావోరీ మాట వినిపించడం లేదని మూడు తెగల కూటమి 1975లో పాతికేళ్ల ప్రణాళిక వేసుకుంది. దాని ఫలితమే 1981లో ఓతాకి ఊళ్లో మొదలైన ఉన్నత విద్యాలయం ‘తే వానంగ ఓ రౌకవ’. ‘వానంగ’లనే ఇలాంటి మావోరీ విద్యాలయాల చదువులో విద్యార్థులు కొన్ని రోజులు సామూహిక గృహంలోనే ఉండి నేర్చుకోవడమూ భాగమే. చెప్పులు గుమ్మం బయటే విప్పాలి. ఆ ఇంటి నడిదూలాన్ని పూర్వీకుడి వెన్నెముకగా, వాసాలను ఆయన పక్కటెముకలుగా భావిస్తారు. పాఠం, భోజనం, నిద్ర అన్నీ కలిసే.

చదువులో తమ సంస్కృతికి చోటు కావాలన్న మావోరీల ఆరాటంలోంచే ‘సాంస్కృతిక భద్రత’ అన్న మాట కూడా పుట్టింది. అయితే అది నర్సింగ్ చదువులోంచి వచ్చింది. చట్టపరమైన భద్రత, వైద్యపరమైన భద్రత గురించి చెబుతున్నారు సరే, మా సంస్కృతికి భద్రత ఏదని 1988లో క్రైస్ట్‌చర్చ్‌లో జరిగిన ఒక సమావేశంలో మొదటి సంవత్సరం మావోరీ నర్సింగ్ విద్యార్థిని అడిగింది. ఆ ప్రశ్నను సిద్ధాంతంగా మలిచింది మావోరీ నర్సు, అధ్యాపకురాలు ఇరిహపేతి రామ్స్‌డెన్.

మావోరీలకు తల పవిత్రం. తల కింది దిండును కాళ్ల కింద పెడితే రోగి మనసు గాయపడుతుంది. అయితే ఇలాంటి ఆచారాల జాబితా బట్టీ పడితే చాలదని రామ్స్‌డెన్ గట్టిగా చెప్పారు. నర్సు ముందుగా తన సంస్కృతిని, తన చేతిలోని అధికారాన్ని పరీక్షించుకోవాలి. అందిన సేవలో భద్రత ఉందో లేదో తేల్చాల్సింది ఆ సేవ పొందినవాళ్లే. ఈ భావన మొత్తంలో అసలైన మలుపు ఇదే.

1992లో నర్సింగ్ కౌన్సిల్ సాంస్కృతిక భద్రతను నర్సింగ్ పాఠ్యప్రణాళికలో తప్పనిసరి చేసింది. పత్రికల్లో దుమారం రేగి, 1995లో పార్లమెంటు కమిటీ విచారణ దాకా వెళ్లింది. మరుసటి ఏడాది మార్గదర్శకాలను సవరించారు. పేరు మాత్రం మారలేదు. రామ్స్‌డెన్ 2003లో కన్నుమూశారు. 2019లో న్యూజీలాండ్ మెడికల్ కౌన్సిల్ సాంస్కృతిక భద్రతపై ప్రకటన వెలువరించి, డాక్టర్లకూ అదే బాధ్యత పెట్టింది.