పిల్లి, పులి ఒక్క ఇంటివే



ఒక గ్రామంలో ఎలుకల నివారణ గురించి చెపుతుండగా వెనక వరుసలోని ఒక పెద్దాయన లేచి, "సారూ, పిల్లి, పులి ఒక్క కులమే అంటరు, నిజమేనా? నిజమైతే ఒకటి మా గరిసె కాడ పండుకుంటది, ఇంకొకటి మా పసులను పట్టుకపోతది. గిట్లెందుకైంది?" అని అడిగినాడు. అందరూ నవ్వినారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ సంగతి సరిగా తెలియని రోజులలో నేనొక పొరపాటు చేసి ఉన్నాను. దానిని తర్వాత చెపుతాను. ముందు పిల్లి పుట్టుపూర్వోత్తరాలు చూద్దాం.

కథను మన పాత ఆదిలాబాద్ జిల్లాలోనే మొదలుపెట్టవచ్చును. రెబ్బెన దగ్గర పైకాసిగూడెం అనే పల్లె ఉన్నది. అక్కడి రాళ్లలో భూగర్భ శాస్త్రజ్ఞులకు కంటికి ఆనీ ఆనని చిన్న పళ్లు దొరికినవి. రాకాసి బల్లులు భూమిని ఏలిన కాలంలో వాటి కాళ్ల సందున దాగి బ్రతికిన, ఎలుకంతేసి పాలిచ్చే జంతువుల పళ్లవి. వాటిలో ఒక జాతికి ఆ పల్లె పేరే పెట్టినారు. అవి పిల్లులు కావు, ఎలుకలూ కావు. అయితే పిల్లికి, ఎలుకకు, మనిషికి కూడా మూలమైన వంశం అటువంటి చిన్న ప్రాణులదే.

6 కోట్ల 60 లక్షల యేండ్ల క్రితం రాకాసి బల్లులు నశించినవి. జాగా ఖాళీ అయింది. పాలిచ్చే జంతువులు నేలంతా అల్లుకున్నవి. కొన్ని గింజలు, ఆకులు తిన మరిగినవి. కొన్ని, వాటిని తిన మరిగినవి. ఈ మాంసాహారులు పోను పోను రెండు పక్షాలైనవి. కుక్క, నక్క, తోడేలు, ఎలుగుబంటి ఒక పక్షం. పిల్లి, పులి, ముంగిస, పునుగుపిల్లి, దుమ్ములగొండి రెండవ పక్షం. ఇక్కడ పేరును, రూపును చూచి మోసపోరాదు. దుమ్ములగొండి కుక్కలాగ కనిపించినా పిల్లి పక్షానిదే. పునుగుపిల్లి, మానుపిల్లి పేరుకు పిల్లులే గాని అసలు పిల్లి కుటుంబంలోనివి కావు. పేరులో పిల్లి లేని పులి మాత్రం అసలైన పిల్లి!

మొదటి పిల్లి అనదగిన జంతువు ఎముకలు ఫ్రాన్సు దేశంలో దొరికినవి. శాస్త్రజ్ఞులు దానికి ప్రోఐలూరస్ అని పేరు పెట్టినారు. సుమారు రెండున్నర కోట్ల యేండ్ల నాటిది. మన ఇంటిపిల్లి కంటె కొంచెం పెద్దది. ఆ తర్వాత ఆ ఇంటిలో భాగాలు పంచుకొని వేరుపడుట మొదలైంది. ఇప్పుడు బ్రతికి ఉన్న పిల్లి జాతులు 40 వరకు ఉన్నవి, ఎనిమిది శాఖలు. అందరికంటె ముందు వేరు కాపురం పెట్టినది పులి, సింహం, చిరుతల శాఖ. అది సుమారు ఒక కోటి యేండ్ల నాటి మాట. మన ఇంటిపిల్లి, అడవిపిల్లి ఉన్న శాఖ చాలా ఆలస్యంగా, 30 లక్షల యేండ్లకు పైన వేరుపడింది. కనుక ఇంటిపిల్లికి అడవిపిల్లి దగ్గరి దాయాది, పులి దూరపు దాయాది.

ఇవి మన తెలుగు నేలకు కొత్తగా వచ్చినవి కావు. 1880లలో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు కర్నూలు వైపు బేతంచర్ల దగ్గరి బిల్లసర్గం గుహలు తవ్వించినాడు. ఆ మట్టిలో పులి ఎముకలతోపాటు అడవిపిల్లి ఎముకలు కూడా బయటపడినవి.

మరి ఇంటిపిల్లి సంగతి? అది మన అడవిపిల్లిని పట్టి పెంచగా వచ్చినది కాదు. 2007లో ప్రకటించిన జన్యు పరిశోధన ప్రకారం దాని మూలం పశ్చిమాసియా, ఉత్తరాఫ్రికాల అడవిపిల్లి. సుమారు పదివేల యేండ్ల క్రితం అక్కడి జనం గోధుమ, బార్లీ పండించి గాదెలలో పోసినారు. గింజ కొరకు ఎలుక వచ్చింది. ఎలుక కొరకు పిల్లి వచ్చింది. ఎద్దును మనం తెచ్చుకున్నాం, ముకుతాడు వేసినాం. పిల్లి తనంతట తాను వచ్చింది. సైప్రస్ దీవిలో 9,500 యేండ్ల నాటి ఒక సమాధిలో మనిషి పక్కనే పిల్లిని పూడ్చి ఉంచినట్లు 2004లో ప్రకటించినారు. ఆ దీవిలో పిల్లులు పుట్టలేదు. ఎవరో పడవలో తీసుకపోయి ఉండాలి.

ఇన్ని భాగాలు పంచుకున్నా ఈ ఇంటివారు ఒక్క గుణం మార్చుకోలేదు. కుక్క జొన్న గటకతోనూ బ్రతుకుతుంది. పిల్లి బ్రతుకలేదు. దాని ఒంటికి కావలసిన సరుకులు కొన్ని మాంసంలో తప్ప దొరకవు. దానికి తీపి రుచి కూడా తెలియదు. తీపిని గుర్తించే జన్యువు ఇంటిపిల్లిలోనూ, పులిలోనూ ఒకే విధంగా చెడిపోయి ఉన్నదని 2005లో తేల్చినారు. వేటపద్ధతి కూడా ఒక్కటే. తోడేలు వలె మైళ్లకొలది తరుమదు. పొంచి ఉండి, వెనకనుండి దూకి, మెడ పట్టును. గరిసె కింద పిల్లి చేసేది, పత్తి చేను గట్టున పులి చేసేది ఇదే పని.

ఇప్పుడు నా పొరపాటు. ఉద్యోగంలో చేరిన మొదటి సంవత్సరం, కరీంనగర్ వైపు కాలువ కింద వరి పండే ఒక పల్లెలో ఎలుకలకు మందు ఎర పెట్టించినాను. ఆ మందు తిన్న ఎలుక వెంటనే చావదు. నాలుగైదు రోజులు మత్తుగా, పట్టపగలే తిరుగుతుంది. అటువంటి ఎలుక పిల్లికి సులువుగా చిక్కుతుంది. చచ్చిన ఎలుకలను రోజూ ఏరి పూడ్చాలని నేను గట్టిగా చెప్పలేదు. రెండు వారాలలో ఊరి పిల్లులు ఒకటొకటిగా చనిపోయినవి. ఒక అవ్వ తన పిల్లిని పాత చీర పేగులో చుట్టి తెచ్చి నా ముందు పెట్టి, "మందు నీదే గద బిడ్డా, ఇగ మా గరిసెకు కావలి నువ్వే పండుకో" అన్నది. నాకు మాట రాలేదు. మరుసటి పంటకు ఎలుకలు మళ్లీ వచ్చినవి. పిల్లులు అంత త్వరగా రాలేదు.

అందుచేత ఇప్పుడు నేను చెప్పే పద్ధతి ఇది. సాయంత్రం బొరియలన్నీ మట్టితో మూయండి. తెల్లవారి తెరుచుకున్న వాటిలోనే ఎలుక ఉన్నట్లు. ఎర ఆ బొరియ లోపలే పెట్టండి, గట్టు మీద చల్లవద్దు. చచ్చిన వాటిని ప్రతిరోజు ఏరి లోతుగా పూడ్చండి. ఇంట్లో, గరిసె దగ్గర బోనులు వాడండి. చెరుకు తోటలో, చెరువు తుంగలో కనిపించే అడవిపిల్లిని తరుమవద్దు. రాజస్థాన్‌లోని సరిస్కాలో ఒక్కొక్క అడవిపిల్లి రోజుకు మూడు నుండి ఐదు ఎలుకలను పట్టునని అంచనా వేసినారు. అది కోడిపిల్లను ఎత్తుకపోవుట నిజమే. రాత్రి కోళ్లగూడు గట్టిగా మూస్తే ఆ నష్టం తప్పుతుంది.

ఆదిలాబాద్ వైపు మాట వేరు. అక్కడ నష్టం కోడిపిల్లతో పోదు. మహారాష్ట్రలోని తాడోబా, తిప్పేశ్వర్ అడవుల నుండి పులులు ప్రాణహిత, పెన్‌గంగ నదులు దాటి మన వైపు వచ్చుచున్నవి. కవ్వాల్ అడవిని 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించినారు. 2020 నవంబరులో దహెగాం మండలంలో ఒక యువకుడు, 2024 నవంబరులో కాగజ్‌నగర్ మండలంలో పత్తి ఏరబోయిన ఒక మహిళ పులి దాడిలో ప్రాణాలు కోల్పోయినారు. ఆ ఇండ్ల దుఃఖం ముందు నిలబడి పులి గొప్పతనం చెప్పుట నాకు చేతకాదు. అయితే దాని వేటపద్ధతి తెలిస్తే కొంత కాపాడుకోవచ్చును. వంగి పత్తి ఏరే మనిషి దానికి నాలుగు కాళ్ల జంతువు వలె కనబడవచ్చును. కనుక ఒంటరిగా పోవద్దు. గుంపుగా, మాట్లాడుకుంటూ, బాగా తెల్లవారిన తర్వాత పోయి పొద్దు గూకక ముందే రండి. తల వెనక ముఖం బొమ్మ తొడగమని చెప్పుట కూడా పులి వెనకనుండి దూకుతుందనే.

అదే 2024లో, జనవరిలో, కాగజ్‌నగర్ అడవిలో పులులు చనిపోయినవి. పులి చంపిన పశువు కళేబరంలో విషం కలిపినారని విచారణలో తేలింది. పశువు పోయిన రైతు కడుపుమంట నాకు తెలుసు. కాని 1972 చట్టం ప్రకారం అది నేరం. పైగా ఆ విషం పులితో ఆగదు. నక్క, రాబందు, ఊరకుక్క అన్నీ తింటవి. పశువు పోతే కళేబరాన్ని కదిలించక వెంటనే అటవీశాఖ వారికి తెలిపి నష్టపరిహారం అడగండి. అడవిపంది కొరకు కరెంటు తీగ కట్టవద్దు. మీ మక్క చేను పాడుచేసే ఆ పందిని తినేది కూడా పులే గదా!

ఆ పెద్దాయనకు నేను చెప్పిన జవాబు ఇదే. తాతా, రెండూ ఒక్క ఇంటివే. రెండింటికీ మాంసమే తిండి. ఎలుకలో పెట్టిన మందు పిల్లికి చేరుతుంది, పశువులో పెట్టిన విషం పులికి చేరుతుంది. కనుక మందు సీసా మూత తీసేముందు, దీనిని తిన్నదానిని ఎవరు తింటారు అని ఒక్కసారి ఆలోచించండి.