బయోసెన్సర్లలో డాక్టరేటు పరిశోధన: చిక్కబళ్ళాపురం ప్రాంతం

ఎంజైము, యాంటీబాడీ, ఆర్‌ఎన్‌ఏ వంటి జీవపదార్థం ఒక రసాయనాన్ని గుర్తుపట్టినప్పుడు ఆ సంగతిని విద్యుత్తుగానో రంగుగానో బయటపెట్టే సాధనం బయోసెన్సర్. 1962లో క్లార్క్, లయన్స్ ప్రతిపాదించిన ఎంజైము ఎలక్ట్రోడుతో ఈ రంగం మొదలైంది. బజారులో దాని పెద్ద విజయం నేటికీ గ్లూకోజు మీటరే. కర్ణాటకలో తెలుగు ఇంటిభాషగా బాగా వినిపించే చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాల అవసరాలు వేరు: బోరునీటిలో ఫ్లోరైడు, బెంగళూరు నుంచి చెరువుల్లోకి పంపుతున్న శుద్ధిచేసిన మురుగునీరు, పట్టుపురుగు రోగాలు. మంచి పిహెచ్‌డి అంశాలు ఇక్కడే ఉన్నాయి.

వీటిలో ఫ్లోరైడు ముఖ్యం. తాగునీటిలో అది లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదని భారత ప్రమాణం. వేరే నీరు దొరక్కపోతే 1.5 దాకా సర్దుకోమంటుంది. 1966 నుంచే లాంథనం ఫ్లోరైడు ఎలక్ట్రోడు ఉండగా కొత్త పరికరం దేనికని అడగవచ్చు. ప్రశ్న న్యాయమైనదే. కానీ దానికి మీటరు, ప్రామాణిక ద్రావణాలు, చెయ్యి తిరిగిన మనిషి కావాలి. బోరు లోతును బట్టి, కాలాన్ని బట్టి ఫ్లోరైడు మారుతుంది. ఫ్లోరైడును వడకట్టే ఊరి ఆర్‌ఓ యంత్రంలో పొర ఎప్పుడు చెడిందో ఎప్పుడో ఒకసారి ల్యాబుకు పంపిన సీసా చెప్పదు. ఫ్లోరైడును పట్టుకునే ఆర్‌ఎన్‌ఏ స్విచ్‌ను 2012లో అమెరికాలోని యేల్ శాస్త్రవేత్తలు కనుగొన్నారు. 2020లో నార్త్‌వెస్టర్న్ బృందం దాన్ని ఎండబెట్టిన మిశ్రమంగా మార్చి, నీరు కలిపితే రంగు వచ్చేలా చేసింది. అక్కడి గురి లీటరుకు 2 మిల్లీగ్రాములు. మన హద్దు అందులో సగం. పైగా ఫ్లోరైడు ఎక్కువున్న నీటిలో సాధారణంగా కాల్షియం తక్కువ, బైకార్బనేటు ఎక్కువ. అలాంటి నీటిలో స్విచ్ ఎలా నడుస్తుంది, వేసవి వేడికి ఆ పొడి ఎన్నాళ్లు నిలుస్తుంది? ఇవి క్షేత్రపరీక్షలే గానీ కొత్త శాస్త్రం కాదనేవారు ఉన్నారు. కొలత ఎందుకు తప్పిందో అణువుల స్థాయిలో వివరించడం కంటే డాక్టరేటుకు తగిన పని ఏముంటుంది?

పట్టు సంగతి చెప్పాలంటే, పట్టుపురుగుల పెబ్రిన్ రోగం తల్లి పట్టుచిలుక నుంచి గుడ్లకు సోకుతుంది. గుడ్లు పెట్టిన చిలుకను నలిపి సూక్ష్మదర్శినిలో రోగకారి సిద్ధబీజాలు వెతకడం పాశ్చర్ కాలపు పద్ధతి. చౌకే గానీ అవి కొద్దిగా ఉంటే కంటికి దొరకవు. యాంటీబాడీ సెన్సర్‌కు ఇక్కడ చోటుంది. చింతామణిలోనే పట్టుపరిశ్రమ కళాశాల ఉండడం అనుకూలం.

జిల్లాలో ఇలాంటి ప్రయోగశాలలు ఎక్కడివన్న అభ్యంతరంలో నిజముంది. అయితే జిల్లాకేంద్రానికి బెంగళూరు సుమారు 60 కిలోమీటర్లే. అక్కడి భారతీయ విజ్ఞాన సంస్థలో నానోసైన్స్, బయో ఇంజనీరింగ్ విభాగాలున్నాయి. ముద్దేనహళ్ళిలో విశ్వేశ్వరయ్య సాంకేతిక విశ్వవిద్యాలయపు స్నాతకోత్తర కేంద్రం ఉంది. సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్‌లో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే 2023 జనవరి నుంచి అమల్లో ఉన్న రేటు ప్రకారం నెలకు 37,000 రూపాయలు, ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) దశలో 42,000 అందుతాయి. దరఖాస్తు పెట్టేవారు గైడును ముందుగా ఒకటి అడగాలి: నమూనాలు శుద్ధజలంలో కలిపిన ఉప్పువా, బాగేపల్లి బోరునీటివా?