ఇంటి కంప్యూటర్‌కు వైఫై అందకపోతే: డ్రైవర్ లోపాలు, సవరణలు

వైఫై డ్రైవర్ అనేది వైఫై పరికరానికీ విండోస్‌కూ మధ్య దుబాసీలాంటి ప్రోగ్రామ్. పరికరం బాగున్నా దుబాసీ లేకపోతే మాట సాగదు. అప్‌డేట్ అయ్యాకనో, విండోస్ మళ్లీ వేయించాకనో ఈ ఇబ్బంది తరచు వస్తుంది. కింది వరుసలో చూసుకుంటే బాగున్న కార్డును మార్పించే ఖర్చు తప్పుతుంది.

ముందుగా తేల్చుకోవలసినవి

అదే వైఫై ఫోనుకు అందుతోందా? అందకపోతే లోపం రౌటర్‌లోనో కనెక్షన్‌లోనో ఉంది. డ్రైవర్ జోలికి పోవద్దు. ఫోనుకు అందుతుంటే కంప్యూటర్‌లో ఎయిర్‌ప్లేన్ మోడ్ ఆపి ఉందో లేదో చూడండి. పొరుగువారి వైఫై పేర్లు కనిపిస్తూ మీదొక్కటే కనిపించకపోతే డ్రైవర్ పనిచేస్తున్నట్టే. పాత అడాప్టర్లు కొన్ని 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే అందుకుంటాయి; 5 గిగాహెర్ట్జ్ పేరు వాటికి కనిపించదు.

కోడ్ సంఖ్య చూడడం

స్టార్ట్ బటన్‌పై రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్, అందులో నెట్‌వర్క్ అడాప్టర్స్ తెరవండి. వైఫై లేదా వైర్‌లెస్ అని ఉన్న పేరుపై రెండుసార్లు క్లిక్ చేస్తే స్థితి, లోపముంటే కోడ్ సంఖ్య కనిపిస్తాయి. మన ఇళ్లలో కొన్ని కంప్యూటర్ల మెనూలు కన్నడంలోనో తమిళంలోనో ఉంటాయి. మెనూ ఏ భాషలో ఉన్నా సంఖ్య మారదు. దూరాన ఉన్న పిల్లలకు ఫోనులో చెప్పినా, షాపులో చెప్పినా ఆ సంఖ్యే చెప్పండి.

- కోడ్ 22: పరికరాన్ని ఆపి ఉంచారు. పేరుపై రైట్ క్లిక్ చేసి ఎనేబుల్ డివైస్ నొక్కండి.
- కోడ్ 28: డ్రైవర్ లేదు. తెచ్చి వేయాలి.
- కోడ్ 10: పరికరం మొదలుకాలేదు. అన్‌ఇన్‌స్టాల్ డివైస్ చేసి కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయండి. డ్రైవర్‌ను కూడా తీసేయాలా అని అడిగే గడిలో టిక్ పెట్టవద్దు.
- అప్‌డేట్ తర్వాత చెడితే: డ్రైవర్ ట్యాబ్‌లో రోల్ బ్యాక్ డ్రైవర్ నొక్కండి. పాత డ్రైవర్ మిగిలి ఉంటేనే ఆ బటన్ పనిచేస్తుంది.
- కాసేపు వచ్చి పోతుంటే: పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్ ఉంటే, కరెంటు ఆదా కోసం పరికరాన్ని ఆపడానికి అనుమతించే టిక్ తీసేయండి.

నెట్ లేకుండా డ్రైవర్ తెచ్చుకోవడం

ఆండ్రాయిడ్ ఫోనును కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి, ఫోనులో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. నెట్ వస్తుంది. తర్వాత కంప్యూటర్ కంపెనీ సొంత సైట్‌లో మోడల్ నంబరు ప్రకారం డ్రైవర్ తీసుకోండి.

మోడల్ తెలియని అసెంబుల్డ్ కంప్యూటరైతే డిటెయిల్స్ ట్యాబ్‌లో హార్డ్‌వేర్ ఐడీస్ చూడండి. వీఈఎన్ అనే అక్షరాల తర్వాత 8086 ఉంటే ఇంటెల్, 10ఈసీ ఉంటే రియల్‌టెక్, 14సీ3 ఉంటే మీడియాటెక్.

డబ్బు కడితే డ్రైవర్లన్నీ సరిచేస్తామనే ప్రోగ్రాములను వేయకండి. ఫోన్ చేసి కంప్యూటర్‌ను తమ చేతికిమ్మనే అపరిచితులకు ఇవ్వకండి.

చివరగా

ఏదీ కుదరకపోతే సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ రీసెట్ ఉంది. అది దాచుకున్న వైఫై పాస్‌వర్డులను చెరిపేస్తుంది. ముందే కాగితంపై రాసుకోండి. విండోస్ మళ్లీ వేయించే ముందు వైఫై డ్రైవర్‌ను పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటే, ఆ తర్వాత నెట్ కోసం ఎవరినీ అడగనక్కర్లేదు.