కోడి కూత నుంచి అలారం గంట దాకా

తన కోడీ, తన కుంపటీ లేకపోతే ఊరికి ఎట్లా తెల్లవారుతుందని బెంగపడిందట వెనకటికొక ముసలమ్మ. మనం నవ్వుకుంటాం గానీ, ఆమె మాటలో కొంత నిజం లేకపోలేదు. ఇంటికి తెల్లవారాలంటే ఎవరో ఒకరు ముందు లేవాలి. ఆ లేచేదెవరో మీకు నేను చెప్పాలా?

మా కోడుమూరులో మా అత్తగారు మబ్బుతోనే లేచేవారు. వాకిట్లోకి వచ్చి, పిల్లలకోడి చుక్కలు ఎంత ఎత్తుకొచ్చినాయో, వేగుచుక్క పొడిచిందో లేదో చూసి వేళ చెప్పేవారు. ముసురు పట్టిన రాత్రి చుక్కలెక్కడివి? అట్లాంటి ఒక రాత్రి, శనక్కాయ చేనికి కలుపు కూలీలు వస్తారని లేచి, జొన్నరొట్టెలన్నీ చేసి గంపలో సర్దుకొని కూర్చున్నారు. ఎంతకీ తెల్లవారదే! నడిరాత్రే లేచారన్నమాట. ఆ తరువాతే మా ఇంటికి అలారం గడియారం వచ్చింది.

గడియారమన్న మాటలో గడియ ఉంది చూడండి. గడియ అంటే 24 నిమిషాలు. రోజుకు 60 గడియలు. పూర్వం అడుగున సన్నని బెజ్జమున్న రాగిగిన్నెను నీళ్ళమీద వదిలేవారు. అది నిండి మునిగితే ఒక గడియ అయినట్టు. అప్పుడు గంట కొట్టేవారు. అయితే ఆ గిన్నెను కనిపెట్టుకొని ఒక మనిషి మేలుకొని ఉండవలసిందే.

1787లో అమెరికాలో లెవీ హచిన్స్ అనే ఆయన తనకోసం ఒక అలారం గడియారం చేసుకున్నాడు. అది తెల్లవారుజామున 4 గంటలకే మోగేది. వేళ మార్చడానికి వీల్లేదు. కావలసిన వేళకు పెట్టుకునే అలారానికి 1847లో ఫ్రాన్సులో ఆంట్వాన్ రెడియే పేటెంటు పొందాడు. ఇంగ్లండులో మిల్లు కార్మికులను లేపడానికి, పొడవాటి కర్రతో కిటికీలు తట్టే మనుషులు ఉండేవారు. దానికి వారం వారం డబ్బులిచ్చేవారు. మన ఇళ్ళలో లేపేవారికి ఎవరిచ్చారు చెప్పండి!

కీ ఇచ్చే అలారంలో రెండు స్ప్రింగులుంటాయి. ఒకటి ముళ్ళను నడుపుతుంది, రెండోది గంట కొడుతుంది. గంటల ముల్లుతోపాటు తిరిగే చక్రానికి ఒక గాడి ఉంటుంది. మనం పెట్టిన వేళకు ఆ గాడి మొలకు ఎదురై, అడ్డుపెట్టిన మీట వదులవుతుంది. అంతవరకు పట్టి ఉంచిన సుత్తి గడగడా గంటను కొడుతుంది. ఆ చక్రం 12 గంటలకొక చుట్టు తిరుగుతుంది. అందుకే పొద్దున 4కు పెట్టిన అలారం, స్ప్రింగులో బలం మిగిలి ఉంటే సాయంత్రం 4కూ మోగుతుంది. కాబట్టి అలారం కీ పడుకునే ముందు ఇవ్వడం మేలు.

ఇది చిన్న వస్తువని తీసిపారేయకండి. రెండో ప్రపంచయుద్ధంలో, 1942లో, లోహం ఆదా చేయడానికి అమెరికాలో అలారాల తయారీ ఆపేశారు. కార్మికులు ఫ్యాక్టరీలకు ఆలస్యంగా రావడం మొదలైంది. మరుసటి ఏడే, తక్కువ లోహంతో చేసేటట్టు మళ్ళీ అనుమతించక తప్పలేదు!

ఇంకొక వింత. 1906లో మొదలైన ప్రామాణిక కాలమే ఇప్పుడు మన దేశమంతటికీ. అది కాకినాడ దగ్గరగా పోయే రేఖను బట్టి లెక్క. కోడుమూరు దానికి పడమట ఉంది గనుక, మా సూర్యుడు సగటున 19 నిమిషాలు వెనక. మా అత్తగారి చుక్కలకూ గడియారానికీ పేచీ రావడంలో వింతేముంది?

అయినా ఆమె గడియారాన్నే మెచ్చుకున్నారు. అంతకు ముందు ప్రొద్దెక్కిపోతుందేమోనన్న భయంతో రాత్రికి నాలుగుసార్లు లేచి వాకిట్లోకి వచ్చేవారట. అలారం వచ్చాక గంట మోగేదాకా కదలకుండా పడుకున్నారు. అలారం లేపడానికే అనుకుంటాం. కానీ ఆమెకు అది నిద్రనిచ్చింది.

ఇప్పుడు అలారం సెల్‌ఫోనులోకి వచ్చి చేరింది, ఇంట్లో ప్రతి మనిషి దగ్గరా ఉంది. అయినా తెల్లవారుజామున అది ఎవరి తలదిండు కింద మోగుతోంది? ఈ రాత్రి ఆ ఫోను మీ వారి దగ్గరో, మీ అబ్బాయి దగ్గరో పెట్టి చూడండి. ఊరికి తెల్లవారకపోదు!