కంచె ఎవరి చేతిలో ఉంది? - అణు భద్రతా బోర్డు కథ

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని మన కార్యదర్శిగారు ఫోను చేశారు. డి.ఏ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి రాసేవారు చాలామంది ఉన్నారు గనుక నేను అణుశక్తి నియంత్రణ బోర్డు మీద రాస్తానన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత "గుమాస్తాగా రిటైరైన మీకూ అణుశక్తికీ సంబంధం ఏమిటండీ?" అన్నారు. సంబంధం ఉంది. ముందు అది చెప్పి, తరువాత చరిత్రలోకి వెళతాను.

1980 దశకం మధ్యలో నేనొక కోస్తా జిల్లా ఆసుపత్రి ఆఫీసులో సీనియర్ అసిస్టెంటును. ఎక్స్‌రే గదిలో పనిచేసే సిబ్బందికి బొంబాయి నుంచి మూడు నెలలకొకసారి చిన్న బ్యాడ్జీలు వచ్చేవి. వాటిని ఛాతీ మీద పెట్టుకుని పనిచేయాలి. గడువు కాగానే తిరిగి పంపితే, ఆ మనిషి ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో లెక్కకట్టి కాగితం పంపేవారు. ఒక ఏడాది ఆ సర్వీసుకు కట్టవలసిన రుసుము ఏ పద్దు కింద ఖర్చు రాయాలో తేలలేదు. ఫైలు పైకీ కిందికీ తిరిగింది. వాడిన బ్యాడ్జీలు మాత్రం నా బీరువాలో ఆరు నెలలు పడి ఉన్నాయి.

మా ఎక్స్‌రే టెక్నీషియన్ నాకంటే చిన్నవాడు. వారానికోసారి వచ్చి "గురువుగారూ, నా చీటీ వచ్చిందా?" అని అడిగేవాడు. "వస్తుందిలేవయ్యా, కాగితమే కదా" అనేవాణ్ణి. చివరికి పంపితే, ఇంత ఆలస్యమైనందువల్ల ఏ కాలానికి ఎంత అన్నది తేల్చలేమని జవాబు వచ్చింది. అతని రికార్డులో ఆ రెండు గడులు ఖాళీగా ఉండిపోయాయి. ఆ ఖాళీ గడులు నావి. అప్పటి నుంచే, అసలీ లెక్కలు అడిగేది ఎవరు, వారికి ఏ అధికారం ఉంది అని తెలుసుకోవడం మొదలుపెట్టాను.

మన దేశంలో అణుశక్తికి సంబంధించిన మొదటి చట్టం 1948లో వచ్చింది. దాని స్థానంలో 1962 చట్టం వచ్చింది. తారాపూర్‌లో 1969లో అణు విద్యుత్తు ఉత్పత్తి మొదలైంది. అప్పట్లో కేంద్రాలను కట్టేదీ, నడిపేదీ, భద్రత చూసేదీ అంతా అణుశక్తి శాఖే. 1979లో అమెరికాలోని త్రీమైల్ ఐలండ్‌లో రియాక్టరు కరగడంతో అన్ని దేశాలూ ఉలిక్కిపడ్డాయి. 1981లో మన శాఖ నియమించిన కమిటీ ఒకటి భద్రతకు ప్రత్యేక బోర్డు ఉండాలని సిఫారసు చేసింది. ఆ ప్రకారం 1962 చట్టంలోని 27వ సెక్షన్ కింద, 1983 నవంబరు 15న అణుశక్తి నియంత్రణ బోర్డు ఏర్పడింది. మనం ఏ.ఇ.ఆర్.బి. అని వింటుంటామే, అదే.

ఈ బోర్డు పని చిన్నది కాదు. ఒక అణు విద్యుత్ కేంద్రానికి స్థలం ఎంపిక, నిర్మాణం, ప్రారంభం, నిర్వహణ, చివరకు మూసివేత - ఒక్కొక్క దశకూ వేరువేరుగా అనుమతి ఇవ్వాలి. తనిఖీలు చేయాలి. లోపం కనిపిస్తే పని ఆపమనవచ్చు, లైసెన్సు నిలిపివేయవచ్చు. అంతే కాదు, దేశంలోని ఎక్స్‌రే యంత్రాలు, సి.టి. స్కానర్లు, కాన్సరు వైద్యంలో వాడే కోబాల్టు యంత్రాలు అన్నీ దాని పరిధిలోనివే. హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌ను చూసేదీ, మన జిల్లా ఆసుపత్రి ఎక్స్‌రే గదిని చూసేదీ ఒకే బోర్డు.

ఇక అసలు సంగతికి వస్తాను. మనమందరం ట్రెజరీ నిబంధనలతో తల నెరిసినవాళ్ళం. బిల్లు డ్రా చేసేవాడు వేరు, పాస్ చేసేవాడు వేరు, ఆడిట్ చేసేవాడు వేరు. ముగ్గురూ ఒక్కరే అయితే ఏమవుతుందో మనకెవరూ చెప్పనక్కరలేదు. 1983లో ఏర్పడిన బోర్డు మాత్రం అణుశక్తి కమిషన్‌కు జవాబుదారీ. ఆ కమిషన్ ఛైర్మన్ ఎవరంటే అణుశక్తి శాఖ కార్యదర్శి. అణు విద్యుత్ కేంద్రాలు నడిపే కార్పొరేషన్ కూడా ఆ శాఖ కిందిదే. అంటే తనిఖీ చేసేవారూ, తనిఖీకి లోనయ్యేవారూ ఒకే గొడుగు కింద ఉన్నారు. పైగా బోర్డు పుట్టింది ప్రభుత్వ ఉత్తర్వుతో. ఉత్తర్వుకూ చట్టానికీ తేడా మనకు తెలుసు. ఒక జి.ఓ. ఇచ్చిన దానిని ఇంకొక జి.ఓ. తీసుకుపోతుంది.

అలాగే జరిగింది కూడా. 2000లో భాభా అణు పరిశోధనా కేంద్రాన్ని బోర్డు పరిధి నుంచి తప్పించి, ఆ సంస్థ సొంత కమిటీకే అప్పగించారు. అంతకు ముందు 1995లో అణు సంస్థలలోని భద్రతా సమస్యల మీద బోర్డు ఒక నివేదిక తయారుచేస్తే, దానిని రహస్యపత్రంగా ఉంచారు. బయటపెట్టమని పౌరహక్కులవారు కోర్టుకు వెళ్ళారు. 2004లో సుప్రీంకోర్టు ప్రభుత్వం వైపే తీర్పు చెప్పింది.

ఇవన్నీ కాగితాల తగాదాలు అనుకోకండి. 1993 మార్చి 31 తెల్లవారుజామున ఉత్తరప్రదేశ్‌లోని నరోరా కేంద్రంలో టర్బైను రెక్కలు విరిగి మంటలు చెలరేగాయి. కేబుళ్ళు కాలిపోయి సుమారు 17 గంటలు కేంద్రానికి కరెంటు లేదు. సిబ్బంది చీకట్లో, పొగలో పనిచేసి రియాక్టరును కాపాడారు. రేడియేషన్ బయటికి రాలేదు గనుక మనం మరచిపోయాం. 2010లో ఢిల్లీలో మాయాపురి తుక్కు బజారుకు ఒక విశ్వవిద్యాలయం వేలం వేసిన పాత యంత్రం చేరింది. అందులో కోబాల్టు-60 ఉంది. ఆ సంగతి తెలియక విడగొట్టారు. ఒక కార్మికుడు చనిపోయాడు, మరికొందరు ఆసుపత్రి పాలయ్యారు. ఏళ్ళ తరబడి వాడకంలో లేని వస్తువును స్టాకు రిజిస్టరులో కొట్టివేసి వేలం వేయడం మనలో ఎంతమంది చేయలేదు? ఆ జాబితా రాసింది కూడా మనలాంటి గుమాస్తాయే అయివుంటాడు.

2012లో కాగ్ నివేదిక వచ్చింది. అందులోని అంకెలు మన సభ్యులు ఒకసారి చదవాలి. దేశంలో 57,443 వైద్య ఎక్స్‌రే యూనిట్లు ఉంటే, బోర్డు దగ్గర రిజిస్టరైనవి 5,270 మాత్రమే. ప్రతి రాష్ట్రంలోనూ రేడియేషన్ భద్రతా డైరెక్టరేటు పెట్టమని సుప్రీంకోర్టు 2001లో చెబితే, 2012 జులై నాటికి పెట్టినవి కేరళ, మిజోరం మాత్రమే. నిబంధనలు మీరినవారికి అప్పట్లో పడగల జరిమానా 500 రూపాయల వరకే ఉండేది. ఆ జరిమానా వేసే అధికారం కూడా బోర్డుకు ఉండేది కాదు.

మిగతా దేశాలు ఏం చేశాయి? అమెరికా తన అణుశక్తి కమిషన్‌ను 1974 చట్టంతో రెండుగా చీల్చి, 1975 జనవరి నుంచి నియంత్రణను వేరే కమిషన్‌కు ఇచ్చింది. జపాన్‌లో నియంత్రణ సంస్థ పరిశ్రమల మంత్రిత్వ శాఖ కిందే ఉండేది. 2011 మార్చిలో ఫుకుషిమా జరిగింది. పార్లమెంటు వేసిన విచారణ సంఘం అది మనుషులు తెచ్చిపెట్టిన ప్రమాదమనీ, నియంత్రించవలసినవారు పరిశ్రమకు లొంగిపోయారనీ తేల్చింది. 2012 సెప్టెంబరులో కొత్త సంస్థ వచ్చింది. మన దగ్గర కూడా 2011 సెప్టెంబరులో లోక్‌సభలో బిల్లు పెట్టారు. 2014లో సభ ముగియడంతో అది మురిగిపోయింది. 2015లో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ నిపుణులు వచ్చి, బోర్డు స్వతంత్రతను చట్టంలో రాసుకోమని చెప్పి వెళ్ళారు.

చివరకు 2025 డిసెంబరులో పార్లమెంటు 'శాంతి' చట్టాన్ని ఆమోదించింది. 1962 చట్టం స్థానంలో తెచ్చిన ఈ చట్టం ప్రైవేటు కంపెనీలకు అణు విద్యుత్తులో తలుపు తెరిచింది. అదే చట్టం బోర్డుకు చట్టబద్ధమైన హోదా ఇచ్చింది. నలభై రెండేళ్ళ తరువాత ఉత్తర్వు చట్టమైంది. సంతోషించవలసిందే. అయితే హోదా ఒక్కటే చాలదని మన సర్వీసు మనకు నేర్పింది. బోర్డు సభ్యులను ఎంపిక చేసేది ఎవరు? బడ్జెటు ఎవరి సంతకంతో వస్తుంది? తనిఖీ నివేదిక జనం చూడవచ్చా? "ఆపండి" అన్నప్పుడు పెద్ద కంపెనీ అయినా ఆగుతుందా? ఈ నాలుగు ప్రశ్నలకు వచ్చే జవాబులను బట్టే కంచె చేనును కాస్తుందో, మేస్తుందో తెలుస్తుంది.

ఇంకొక మాట. పైన ఎంత గట్టి చట్టం ఉన్నా, కింద బీరువాలో బ్యాడ్జీలు పడి ఉంటే ఆ చట్టం మనిషి దాకా రాదు. ఇది నా మీద నేను రాసుకుంటున్న ఆడిట్ పేరా. మోకాళ్ళకని, నడుముకని మనం తరచు ఎక్స్‌రేలకు, స్కానింగులకు వెళుతుంటాం. ఆ గదిలోకి వెళ్ళినప్పుడు బోర్డు ఇచ్చిన లైసెన్సు లేదా రిజిస్ట్రేషన్ ఉందా అని మర్యాదగా అడగండి. అక్కడ పనిచేసే కుర్రవాడి ఛాతీ మీద బ్యాడ్జీ ఉందో లేదో చూడండి. అడిగేవారు ఉంటే చూపించేవారూ ఉంటారు.

ఆ టెక్నీషియన్ ఇప్పుడు మన సంఘ సభ్యుడే. దేవుడి దయవల్ల ఆరోగ్యంగా ఉన్నాడు. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు కలుస్తుంటాం. నన్ను చూడగానే నవ్వుతూ "గురువుగారూ, నా చీటీ వచ్చిందా?" అంటాడు. నేనూ నవ్వుతాను. కాని ఆ ప్రశ్నకు ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.