ధ్వనివర్ధకమున రొద: దాని పూర్వకథ

సూరతు నగరమున మరమగ్గముల పనికై తెలంగాణ జిల్లాలనుండి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములు పెక్కు కలవు. అచటి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమమున సైతము ప్రాథమిక పాఠశాలలు నడుపుచున్నదన్నచో మనవారి సంఖ్య కొంత ఊహింపనగును. ఉగాదికో, బతుకమ్మకో పందిరి వేసినంతనే ధ్వనివర్ధకము కావలెను. చందా డబ్బు చాలనిచోట పాతది కొనుటయే గతి. దాని మీట నొక్కగానే, ప్రార్థనాగీతముకంటె ముందు, గుంయ్‌మను రొద సభనంతయు ఆవరించును. ఈ రొదకు దాదాపు నూఱేండ్ల చరిత్ర కలదు. ఆ చరిత్ర నెఱిగినచో యంత్రమున దోషమెచట నున్నదో చాలవఱకు చెవితోనే కనుగొనవచ్చును.

తొలినాటి రేడియోలలో ఈ బాధ లేదు. 1904లో ఫ్లెమింగు రెండు ధ్రువముల వాల్వును, 1906లో అమెరికావాడైన లీ డి ఫారెస్టు మూడవ ధ్రువమును చేర్చిన వాల్వును నిర్మించిరి. వానికి బ్యాటరీలే ఆధారము. బ్యాటరీ విద్యుత్తు నిలుకడగా ఒకే దెసకు ప్రవహించును గావున రొదకు తావు లేదు. 1948 డిసెంబరు 1న విజయవాడ రేడియో కేంద్రము ప్రారంభమైన నాటికిని కరెంటు లేని పల్లెలలో బ్యాటరీయే దిక్కు. మన పల్లెవాసులు పట్టణవాసులకంటె నిర్మలమైన సంగీతము వినిరనుట అతిశయోక్తి కాదేమో!

రొద ఇంటి కరెంటుతో వచ్చినది. మన దేశమున ఈ కరెంటు సెకనుకు 50 మారులు ముందువెనుకలుగా ఊగును. అమెరికాలో 60 మారులు. వాల్వులోని తీగను ఈ కరెంటుతోనే కాల్చినప్పుడు ఆ ఊపు పాటలో కలిసెడిది. 1927లో అమెరికాలో వెలువడిన వాల్వులలో కాగెడి తీగను వేఱుచేసి, దాని వేడితో మఱియొక గొట్టమును కాచు పద్ధతి రాగా ఆ దోషము చాలవఱకు తగ్గెను. రెండవ మూలము మాత్రము నేటికిని ఉన్నది. ఊగెడు కరెంటును ఏకముఖముగా మార్చునప్పుడు ప్రతి ఊపునకు రెండేసి చొప్పున సెకనుకు 100 అలలు పుట్టును. వానిని చదును చేయుటకు పెద్ద కండెన్సర్లు అమర్తురు. వీని లోపలి ద్రవము ఏండ్లు గడచినకొలది వేడికి ఎండిపోవును. పాత యంత్రమున మొదట శంకింపవలసినది వీనినే.

ఇచట సంగీతజ్ఞుల చెవి అక్కరకు వచ్చును. 100 సైకిళ్ల స్వరము మంద్రమున అయిదు శ్రుతికి ఒకింత పైన నిలుచును. అందుచేతనే ఆ శ్రుతిలో పాడువారిని అది మిక్కిలి వేధించును. 50 సైకిళ్ల రొద దానికి ఒక స్థాయి దిగువది. పైదైనచో సాధారణముగా కండెన్సరు దోషము. దిగువదైనచో మైకు తీగపై అల్లిన తొడుగు తెగినదేమో, ఎర్తు కలయిక వదులైనదేమో చూడవలెను. ధ్వనిని తగ్గించు బిరడాను పూర్తిగా త్రిప్పినను రొద తగ్గకున్నచో దోషము ఆ బిరడా తరువాతి భాగమున. తగ్గినచో ముందరి భాగమున.

1927 ఆగస్టు 2న హెరాల్డు బ్లాకను టెలిఫోను ఇంజనీరు, పడవపై ఉద్యోగమునకు పోవుచు, చేతిలోని వార్తాపత్రికపై ఒక ఉపాయము వ్రాసికొనెను. వెలువడు ధ్వనిలో కొంత భాగమును వెనుకకు త్రిప్పి మొదటనే వ్యతిరేకముగా కలిపినచో యంత్రము తనలో పుట్టిన దోషమును తానే అణచుకొనును. 1947లో విలియమ్సను ప్రకటించిన ప్రసిద్ధ ధ్వనివర్ధకము దీనిపై ఆధారపడినదే. అయినను మైకు తీగవెంట లోనికి వచ్చు రొదను ఈ ఉపాయము తొలగింపజాలదు.

ఇక ప్రాణాపాయపు మాట. ఎర్తు కలిగిన రెండు యంత్రములను జోడించినప్పుడు వాని నడుమ ఎర్తు తీగలు వలయమై రొద పుట్టును. ఒకదాని ఎర్తు పిన్నును తీసివేసినచో రొద తక్షణమే ఆగును. ఇంతకంటె ప్రమాదకరమైన మరమ్మతు లేదు. ట్రాన్స్‌ఫార్మరు లోపలి కప్పు చెడిననాడు 230 వోల్టులు మైకు పట్టుకొన్న పిల్లవాని చేతికి చేరగలవు. రెండింటికిని ఒకే ప్లగ్గునుండి కరెంటు ఇచ్చుటయో, ధ్వని తీగ నడుమ చిన్న ట్రాన్స్‌ఫార్మరు నుంచుటయో సరియైన మార్గము. కలకత్తా వంటి నగరములలో కొన్ని భాగములకు చాలకాలము ఏకముఖ విద్యుత్తే సరఫరా అయ్యెడిది. దానిపై ట్రాన్స్‌ఫార్మరు పనిచేయదు గావున అది లేకయే, లోహపు చట్రమును కరెంటు తీగకు కలిపి కొన్ని రేడియోలు చేసిరి. అట్టివి దొరికినచో అలమారలో అలంకారముగా నుంచుడు. మైకు మాత్రము తగిలింపకుడు.

సూరతులో మఱియొక ప్రశ్న అడుగవలెను. 2006 ఆగస్టులో తపతీనది వఱదకు నగరమున అధికభాగము మునిగినది. యంత్రము ఆ నీట నానినదా? ట్రాన్స్‌ఫార్మరు ఇనుముపై త్రుప్పు, మూలలందు ఎండిన బురద ఉన్నచో, మీట నొక్కుటకు ముందే ప్లగ్గు పిన్నులకును చట్రమునకును నడుమ కరెంటు కాఱుచున్నదేమో మెగ్గరుతో పరీక్షింపించవలెను. వాల్వు యంత్రము విప్పువారు ప్లగ్గు తీసినతరువాతకూడ కండెన్సర్లలో వందల వోల్టులు నిలిచియుండునని మఱువరాదు.

మరమగ్గముల వాడలలో ఇన్ని సవరణలు చేసినను అప్పుడప్పుడు చిటపటలు వినిపించవచ్చును. అది ప్రక్క కొట్టమున మోటారు మీట వేసినప్పటి చప్పుడు. దానికి యంత్రమును విప్పనక్కఱలేదు.